యమహా ఎండ్యూరో 9.9 పాత ఇంజిను: బాగు చేయించి వాడాక తేలింది

శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం వైపు గానీ, ఇటు విజయనగరం తీరంలో చింతపల్లి, కోనాడ వైపు గానీ చాలా ఊళ్లలో బోటును ఇసుక మీద నుంచే అలలోకి తోయాలి, తిరిగొచ్చాక ఇసుక మీదికే లాగాలి. ఇంజినులోకి ఉప్పునీళ్లతో పాటు ఇసుకా పోతుంది. అలా ఏళ్ల తరబడి ఫైబర్ బోటుకు వాడి, పూర్తిగా విప్పించి, మళ్లీ కట్టించి వాడుతున్న ఎండ్యూరో 9.9 గురించి ఇది. బోటు వెనక తగిలించే 9.9 హార్స్‌పవర్ ఇంజిను. రెండు సిలిండర్లు, 246 సీసీ, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూస్ట్రోకు. లోపల ఎలక్ట్రానిక్ సరుకు పెద్దగా లేదు. కంప్యూటరు పెట్టి చూడాల్సిన పనేమీ ఉండదు, పానాలు చాలు.

పాత ఇంజిను తీసుకెళ్తే చాలామంది మెకానిక్కులు మొదట చెప్పే మాట "పిస్టన్, రింగులు మార్చేద్దాం". బాగా ఖరీదైన పని అది. తరచుగా అక్కర్లేని పనీ అదే. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, మీటరు పెట్టి చూడమనాలి. రెండు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు వైర్లను బాడీకి ఆనించి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, మీటరు ముల్లు ఇక కదలనంత వరకు తాడు లాగాలి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుంటే హెడ్డు విప్పక్కర్లేదు. తేడా ఎక్కువుంటే విప్పాల్సిందే. సిలిండర్ లోపలి గోడ గీసుకుపోతే రీబోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయొచ్చు. ఒక్క సిలిండరే పదేపదే కాలుతుంటే మాత్రం పిస్టన్ మార్చి ఊరుకోకూడదు. క్రాంకు ఆయిల్ సీలు గాలి పీలుస్తోందేమో, కార్బురేటర్ గ్యాస్కెట్ లీకవుతోందేమో తేల్చుకోకుండా కట్టేస్తే కొత్త పిస్టనూ అదే దారి పడుతుంది.

ఈ ఇంజిన్లు పాడయ్యేది ఎక్కువగా నీళ్ల వైపు నుంచే. ఇంజినును చల్లబరిచే నీళ్లను పైకి తోసే పంపులో రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, రబ్బరుది. మన ఇసుక నీళ్లలో దాన్ని ఏడాదికొకసారి మార్చాలి, బాగున్నట్టు కనిపించినా సరే. రెక్కలు వంగి అలాగే ఉండిపోతే పనైపోయినట్టే. ఇంపెల్లర్ ఒక్కటే మార్చి, గీతలు పడిన పంపు కప్పునీ అడుగు పలకనీ అలాగే వదిలేస్తే నీటి ధార బలంగా రాదు. కిట్టు మొత్తం వేయించాలి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి, ఎందుకంటే అది గొట్టం గుండా పైకెక్కి బ్లాకులో నీటి దారికి అడ్డంపడుతుంది. బిగించేటప్పుడు షాఫ్టును గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ ఇంపెల్లర్‌ని కప్పులోకి దించాలి. అప్పుడే రెక్కలు సరైన వైపు వంగుతాయి. షాఫ్టు పళ్లకు గ్రీజు రాయాలి గానీ పైకొసకు పూయకూడదు. అక్కడ గ్రీజు పేరుకుంటే షాఫ్టు పూర్తిగా లోపలికి కూర్చోదు.

ఇంజినును చల్లబరిచి పక్క నుంచి బయటికొచ్చే నీటి ధార తగ్గగానే ఇంజిను వేడెక్కిందని కంగారుపడక్కర్లేదు. ముందు ఆ చిన్న రంధ్రంలో వల నైలాన్ తీగ పెట్టి పొడిచి చూడండి, చాలాసార్లు ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. అదీ కాకపోతే థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు. విప్పి నీళ్లలో వేసి వేడి చేస్తే 50 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలుపెట్టాలి. హెడ్డు మీద పెయింటు బొబ్బలెక్కి ఉంటే లోపల ఉప్పు గట్టిగా పేరుకుందని అర్థం. అప్పుడు కవర్లు విప్పి గీకించక తప్పదు.

వాడినాక మంచినీళ్లతో కడగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. 200 లీటర్ల డ్రమ్ములో ఇంజిను కాలు (నీళ్లలో ఉండే కింది భాగం) దించి, నీళ్లు ప్రొపెల్లర్ పైనున్న పలక కంటే పైకి ఉండేలా చూసుకుని, న్యూట్రల్‌లో పది నిమిషాలు మెల్లగా నడిపితే చాలు. తీరం ఊళ్లలో చాలా బోర్లు ఉప్పవి. ఆ నీళ్లతో కడిగితే కడిగినట్టు కాదు.

గేర్ బాక్సులో పట్టేది 250 మిల్లీలీటర్ల ఎస్ఏఈ 90 హైపాయిడ్ ఆయిల్. దాన్ని పైనుంచి పోయరు. కింది రంధ్రం నుంచి ఎక్కిస్తే గాలి పైకి పోతుంది, పై రంధ్రం నుంచి ఆయిల్ కారాక ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందది బిగించాలి. స్క్రూల కింద వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాత ఆయిల్ మజ్జిగ రంగులో దిగితే నీళ్లు చేరినట్టు. మన దగ్గర దానికి మొదటి కారణం వలే: తెగిన నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, వేడికి కరిగి సీలును కోసేస్తుంది. నెలకొకసారి ప్రొపెల్లర్ ఊడదీసి దారం తీసేస్తే సీలు బతుకుతుంది. లేదంటే బేరింగులు తుప్పు పట్టి, గేరు చక్రాల దాకా పోతుంది. ఆ బిల్లు పిస్టన్ బిల్లును మించుతుంది. గేరు ముందుకు వేసినా జారిపోతుంటే గేరును పట్టి ఉంచే క్లచ్ డాగ్ అంచులు అరిగాయని అర్థం. భయపడుతూ మెల్లగా గేరు వేసేవాళ్ల ఇంజిన్లకే ఆ జబ్బు ఎక్కువ. ఇంజినును ఐడిల్‌లోకి దించి, టక్కున వేయాలి.

కాలు విప్పేటప్పుడు బోల్టులు ఉప్పుకు పట్టేస్తాయి. సుత్తితో కొట్టే మెకానిక్‌ని ఆపండి. తుప్పు వదిలించే ఆయిల్ రాత్రంతా నాననిచ్చి, అల్యూమినియం వైపు కొద్దిగా వేడి చేస్తే వచ్చేస్తాయి. విరిగితే డ్రిల్లు వేసి కొత్త మరలు పోయించడం లేత్ పని, దానికే ఒక రోజు పోతుంది. తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టుకూ మెరైన్ గ్రీజు రాయించండి. బాడీకి బదులు తాను కరిగిపోయేలా బిగించే జింకు ముక్క సగం కరిగిపోతే మార్చాలి, దాని మీద పెయింటు మాత్రం వేయనీయకండి. పెయింటు వేసిన జింకు పనిచేయదు, ఉప్పు నేరుగా బాడీని తింటుంది.

ఇంధనం సంగతి ఇప్పుడు కొత్త తలనొప్పి. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. సముద్రపు తేమ చేరితే ఇథనాల్ నీళ్లను పట్టుకుని అడుగుకు దిగిపోతుంది. కార్బురేటర్ ముందు పీల్చేది ఆ అడుగుదే. కాబట్టి ఆ రోజుకు సరిపడా కలుపుకోండి, మిగిలింది దాచకండి. నిష్పత్తి 50:1, అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల ఆయిల్. రింగులు కొత్తవైతే మొదటి పది గంటలు 400 మిల్లీలీటర్లు. ఆయిల్ బోటు ఇంజిన్ల టీసీ-డబ్ల్యూ3 రకమే వాడాలి. బైకుల 2టీ ఆయిల్‌లో బూడిద మిగిల్చే మందులుంటాయి, ప్లగ్గులు త్వరగా చెడతాయి. ప్లగ్గు బీ7హెచ్ఎస్-10, గ్యాపు 0.9 నుంచి 1 మిల్లీమీటరు. కార్బురేటర్ జెట్లను తీగతో పొడవనీయకండి. రంధ్రం పెద్దదైతే ఇంజిను ఎన్నటికీ సరిగా తిరగదు.

స్పార్కు రాకపోతే దాన్ని పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె, సీడీఐ, పోయిందని కొత్తది కొనే ముందు ఆపే స్విచ్ వైరు ఊడదీసి తాడు లాగి చూడండి. స్విచ్ లోపల ఉప్పు చేరి షార్టయితే సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. ఆ వైరు లేకుండా ఇంజిను అందుకుంటే, ఆపడానికి చోక్ లాగాలి.

బోటు అలలో తిరగబడి ఇంజిను మునిగితే గంటల్లో పని జరగాలి. తాడును గబుక్కున లాగకూడదు, సిలిండర్లో నీళ్లుంటే రాడ్డు వంగుతుంది. ప్లగ్గులు తీసి, మంచినీళ్లతో కడిగి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి తోసి, ఆయిల్ పోసి మళ్లీ తిప్పి, అదే రోజు నడపాలి. మెకానిక్ ఆ రోజు దొరకకపోతే ఇంజినును ఎండలో ఆరబెట్టకుండా మంచినీళ్ల డ్రమ్ములోనే ముంచి ఉంచండి. గాలి తగిలాకే తుప్పు పరుగెత్తుతుంది.

విడిభాగాల దగ్గర అసలుదీ నకిలీదీ పక్కపక్కనే అమ్ముతారు. గ్యాస్కెట్లు, ఎయిర్ పైపుల్లాంటి వాటికి చౌకవైనా నడుస్తాయి. ఇంపెల్లర్, ఆయిల్ సీళ్లు, రింగులు మాత్రం కచ్చితంగా అసలువి. నకిలీ ఇంపెల్లర్ రబ్బరు గట్టిగా ఉండి ఒక్క వేసవిలోనే చిట్లుతుంది. 9.9కీ 15 హార్స్‌పవర్ మోడల్‌కీ బ్లాకు ఒకటే కాబట్టి సామాను దొరకడం సులువు.

పెద్ద సర్వీసుకు సరైన సమయం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం. కాకపోతే జూన్ మొదటి వారంలో ఇస్తే వరుసలో నిలబడాలి, ఏప్రిల్ చివర్లోనే ఇచ్చేయండి. ఇచ్చే ముందు కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి.

ఇంత చేయించినా లాభం లేని ఇంజిన్లు కొన్ని ఉంటాయి. షాఫ్టు గొట్టం చుట్టూ, గేర్ కేసు కీళ్ల దగ్గర అల్యూమినియం తెల్లటి పొడిలా రాలి పొరలు లేస్తుంటే, పైన కంప్రెషన్ ఎంత బాగున్నా దాన్ని సామాను కిందే అమ్మేయాలి. ఆ పైభాగానికి కొనేవాళ్లు ఈ తీరంలోనే దొరుకుతారు.