పీటర్‌బిల్ట్ 359 లారీ కిట్, 1/25 స్కేలు: రెండు నెలలు కూర్చొని కట్టినాక రాస్తా ఉన్నా

కిట్ అంటే ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో వస్తాయి, మనమే అతికించి రంగేసి అసలు బండిలో ఇరవై ఐదో వంతు సైజు బొమ్మ లారీ కట్టుకోవాల. ముందే చెప్పేస్తా, ఈ కిట్‌లో పెట్టిన డబ్బుకి తగ్గ సరుకంతా చాసీలోనే, అంటే బండి కింది చట్రంలోనే ఉండాది. క్యాబిన్, బానెట్ చూసి మోజుపడి కొంటాం గానీ కట్టేటప్పుడు మజా అంతా కింద పక్కే.

తిరుపతిలో ఇట్లాంటివి అమ్మే షాపు నాకైతే కనపడలా, గాంధీ రోడ్డు పక్క బొమ్మల షాపులన్నీ తిరిగినా, అందరూ రెడీమేడ్‌గా లోహంతో పోసిన డైకాస్ట్ బండ్లే చూపిస్తారు, అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, పోస్టేజీ కస్టమ్స్ అన్నీ కలిపి ఆరు వేలు దాటింది. అసలు బండి అమెరికాలో 1967 నుంచి 1987 దాకా తయారైంది, పొడుగు బానెట్, క్యాబిన్ వెనకాల నిలువుగా లేచిన సైలెన్సర్ గొట్టాలు, మన బండ్ల మాదిరి మూతి చదునుగా ఉండదు. దీన్నే ఒకటికంటే ఎక్కువ కంపెనీలు కిట్‌గా చేసినాయి, నాది ఏ కంపెనీదో రాయడంలేదు, చెప్పేవి చాలావరకు అన్నిటికీ పనికొస్తాయి. ముందర ఇంజన్ ఉండే బండి ఒక్కటే వస్తుంది, ట్రెయిలర్ వేరేగా కొనుక్కోవాల.

మా నాయన చిత్తూరు నుంచి మామిడికాయ లోడు ఏసుకొని పదిటైర్ల బండి తోలిన మనిషి. నేను చాసీ రెండు పట్టాలూ, వాటిని కలిపే అడ్డ పట్టీలూ (క్రాస్ మెంబర్లు) అతికించి ఆరబెడతా ఉంటే పక్కన కూర్చొని ఒక కన్ను మూసి చూసి, "ఏరా, నడిమి క్రాస్ మెంబర్ ఒంకరగా ఉండాది, ఇట్లే ఆరిపోతే ఒక చక్రం గాల్లోనే ఉంటాది చూడు" అన్నాడు. కరెక్టే. మళ్లీ ఊడదీసి అద్దం ముక్క మీద పెట్టి రెండు పక్కలా పుస్తకాలు ఆనించి రాత్రంతా వదిలేసినా, ఇప్పుడు పది టైర్లూ నేలకి ఆని నిలబడింది. మీరు కట్టినా ఈ పని మాత్రం తొందరపడొద్దు. కమాన్ పట్టీలు ఆకు ఆకుకీ గీత కనపడేట్టు పోసినారు, వెనక రెండు ఇరుసుల హౌసింగ్‌లకీ మధ్యన చిన్న షాఫ్ట్ కూడా ఉండాది, ట్రెయిలర్ కూర్చునే ఫిఫ్త్ వీల్ ప్లేటు ముందుకీ వెనక్కీ వంగుతుంది. బ్రేకుల గాలి పైపులు మాత్రం రాలా. మోటార్ వైండింగ్ షాపులో రాగి వైరు అడిగితే జానెడు ముక్క ఊరికే ఇచ్చినారు, సన్న సూదికి చుట్టి స్ప్రింగ్ మాదిరి చేసి ఒకటి ఎరుపు, ఒకటి నీలం పూసినా, అసలు బండ్లలో ట్రెయిలర్‌కి పోయే పైపులు ఆ రంగులే.

పెయింట్ దగ్గర జాగ్రత్త. రేణిగుంట రోడ్డులో కార్లకు రంగు కలిపిచ్చే షాపులో మెరూన్ కలిపించుకున్నా, రంగు బ్రహ్మాండంగా వచ్చింది గానీ ఆ థిన్నర్ ఘాటు, ఉత్త ప్లాస్టిక్ మీద పడితే కరిగించేస్తుంది, నాకు ఒక డోరు అట్లే పగుళ్లు బారింది. ముందు ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కొట్టి, బాగా ఆరినాక, పల్చగా మంచు పట్టినట్టు నాలుగైదు సార్లు కొట్టాల, ముందు, కిట్ ముక్కలు అతుక్కొని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములో మిగిలిన ముక్క మీద చూసుకోండి. ఇంకొకటి, నేను మొదలుపెట్టింది నవంబరులో, మనకు వాన అప్పుడే కదా, గాల్లో తేమకి క్లియర్ కోటు (రంగు మీద కొట్టే రంగులేని మెరుపు పూత) తెల్లగా పొగ పట్టినట్టు అయిపోయింది, ఎండ కాసేదాకా వారం ఆగి మళ్లీ కొట్టినా.

క్రోమ్ ముక్కలు తళతళా ఉన్నాయి గానీ క్రోమ్ మీద గమ్ము పట్టదు, అతుకు పడే చోట బ్లేడుతో గీకేయాల. అద్దాలకి ఇన్‌స్టంట్ గమ్ము పెట్టొద్దు, పొగచూరినట్టు మసక పడతాయి, నేను ఫెవికాల్ వాడినా, ఆరితే కనపడదు. టైర్లు మెత్తటి వినైల్, పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలకి ఆనుకొని ఏండ్ల తరబడి ఉంటే వాటిని తినేస్తాయి, పైగా మన ఎండలు, రాంగానే వేరే కవర్లో వేసేయండి.

నాకు నిజంగా కోపం వచ్చింది స్టిక్కర్ల దగ్గర, ఇవి నీళ్లలో నానబెట్టి అతికించే రకం. నీళ్లలో వేసింది వేసినట్టే తునకలైపోయినాయి, ఎన్నేండ్లు గోడౌన్లో పడి ఉన్న సరుకో. అమ్మినోళ్లకి ఫొటోలు పెట్టినా, ఇప్పటిదాకా ఒక్క జవాబు లేదు. ఇంత డబ్బు పోసి కొన్న మనిషికి కనీసం మాట చెప్పాల. మిగిలిన గీతలు మాస్కింగ్ టేపు పెట్టి చేత్తోనే వేసుకున్నా.

మొదటిసారి కిట్ కట్టేవాళ్లకి ఇది వద్దు, ఒక కారు కట్టి చెయ్యి తిరిగినాక రండి. లారీ అంటే ప్రాణం ఉన్నోళ్లు మాత్రం కళ్లు మూసుకొని కొనొచ్చు.

అంతా అయినాక నాయన ఒక్కటే అడిగినాడు, "నిమ్మకాయ, మిరపకాయలు యాడరా?" అని. అలిపిరిలో కొత్త బండికి పూజ చేయించినట్టు బంపర్ మీద కుంకుమ చుక్క పెట్టి, నల్ల దారానికి పచ్చ పూసా ఎర్ర పూసలూ గుచ్చి కట్టినా. ఇప్పుడు ట్రెయిలర్ కోసం వెతుకుతా ఉన్నా, నలభై అడుగులది 1/25లో ఒకటిన్నర అడుగు దాటుతుంది, అల్మారాలో చోటు కొలిచి పెట్టుకున్నా, ఎవరి దగ్గరైనా కట్టని కిట్ ఉంటే చెప్పండప్పా, స్టిక్కర్లు పాడైపోయినా పర్వాలేదు.