తొమ్మిదేళ్ల గొంగడి, ఒక్క అరమకొండ వాన

గొంగడి చలికి ఎట్లా పనికొస్తుందో చెప్పాల్సిన పనిలేదు, అది మన తాతలకే తెలుసు. దారి లేని నిట్టనిలువు కొండని వానలో ఎక్కేటప్పుడు రెయిన్‌కోటు బదులు దీన్ని కప్పుకుంటే సంగతేమిటన్నదే ఇక్కడ ముచ్చట.

2016లో సిద్దిపేట వైపు గొర్రెలు కాసే కురుమ పెద్దాయన ఒకాయన దగ్గర కొన్నా. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని, రంగు వేయనిది. చింతగింజల గంజి పట్టించి నేసింది కాబట్టి కొత్తలో అట్టలాగ నిలబడేది. చుక్క పడితే జారిపోయేది. "నీళ్లు దిగనే దిగవు" అని అప్పట్లో పదిమందికి నేనే చెప్పాను. ఆ మాట కొంచెం సర్దుకుంటాను. గంజి పోయాక, రెండు గంటలు విడవకుండా కురిస్తే దిగుతాయి.

పోయిన అక్టోబర్‌లో వాయుగుండం పట్టిన రోజున పాడేరు వైపు అరమకొండ ఎక్కాం. నేను, ఒక స్నేహితుడు, దారి చూపడానికి కింది ఊరి మనిషి. చేతికర్ర, బెల్లం, వేయించిన పల్లీలు, ఇంతే సరంజామా. వలిసె చేలు, వాటి మీద కాఫీ తోటలు దాటేదాకా బాట ఉంది. తర్వాత నడుమెత్తు గడ్డి, గడ్డి కింద కనపడని రాళ్లు. అడుగు వేస్తే మోకాలు ఎదుటి గడ్డికి తగిలేంత ఏటవాలు.

గంటకే మావాడి ఖరీదైన కోటు ముళ్లకంపకి పట్టుకుని భుజం దగ్గర చిరిగింది. చిరగని చోట లోపల చెమట. ఆగినప్పుడల్లా పళ్లు టకటకలాడుతున్నాయి. నా గొంగడి అప్పటికే తడిసి ముద్దయింది. కానీ లోపల వెచ్చగా ఉంది! ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తెలియనివ్వదు, పీల్చేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. చదివినప్పుడు నమ్మలేదు. ఆ గాలిలో కొప్పెర (ఒక మూల లోపలికి దోపి నెత్తిన వేసుకునే గొంగడి మడత) కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాక నమ్మాను.

ఆ మురిపెం ఎంతోసేపు లేదు. గొంగడి నానేకొద్దీ కిందికి సాగి ముందు అంచు పాదాల దాకా వచ్చింది. ఒకచోట కాలు పైకెత్తి అంచునే తొక్కాను. లేవబోయేసరికి మెడ పట్టి ఎవరో కిందికి లాగినట్టయింది. బోర్లా పడి, గడ్డి మీద జారుతూ పోయి ఒక పొద దగ్గర ఆగాను. కర్ర ఎటో పోయింది. ఒక చేయి గొంగడి పట్టుకోవడానికే సరిపోతోంది గదా, గడ్డి దొరకబుచ్చుకోవడానికి రెండోది ఒక్కటే మిగిలింది.

ఊరాయన దిగివచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత గొంగడిని. ఆయన నెత్తి మీద యూరియా బస్తా, ఒక మూల లోపలికి దోపింది. సరిగ్గా మా కొప్పెర మడతే. "మాది చూడు బాబూ, మొలదాకానే" అని, తన తువ్వాలుతో నా గొంగడిని నడుముకి బిగించి కట్టాడు. అక్కణ్నించి పడలేదు. కొన దాకా వెళ్లామా అంటే, మంచులో ఆయన "ఇదే" అన్నాడు, మేం నమ్మాం.

ఇంటికొచ్చాక కుతూహలం ఆగక తూచాను. ఎండుది రెండున్నర కిలోలు. బకెట్లో ముంచి, నీళ్లు కారనిచ్చి తూస్తే ఆరు దాటింది. ఆరడానికి మూడు రోజులు. తడి గొర్రె వాసన సరేసరి, తిరుగు బస్సులో నా పక్క సీటు నర్సీపట్నం దాకా ఖాళీయే. మెడకి గుచ్చుకుంటుందని చాలామంది అంటారు గానీ, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే ఎట్లా?

కొండ దిగిన రాత్రి ఊరాయన ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుంటే నిప్పురవ్వలు గొంగడి మీద పడి నల్లబడి ఆరిపోయాయి. మావాడి కోటుకి మాత్రం కన్నం పడింది.

కొనమంటానా? నాది ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, పొడుగువాళ్లకి ఈ అంచు గొడవ ఉండకపోవచ్చు. నడక నిదానం, వెంట మనిషి లేకుండా వెళ్లను. హిమాలయాల మంచులో వాడలేదు. ఒంటరిగా, చేతులతో పాకాల్సిన చోటికి మాత్రం నేనే తీసుకుపోను. పైగా ఊళ్లలో ఇప్పుడు నెల్లూరు గొర్రెలే ఎక్కువ, వాటికి ఉన్ని రాదు. నేసేవాళ్ల దాకా వెళ్లి, దక్కనీ ఉన్నేనా అని అడిగి కొనాలి.

నాదాన్ని కోయించి పొట్టిది చేయిద్దామని మొన్న అదే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చేత్తో నిమిరి చూశాడు. "కోయను బిడ్డా, తాడు కట్టుకో" అన్నాడు.