ప్రొజెస్టెరాన్: జెల్‌కూ నూనె సూదికీ మధ్య నా అనుభవం

ఐవీఎఫ్ గురించి అడిగేవాళ్లంతా అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ల గురించే భయపడతారు. పొట్ట మీద సన్నని సూదితో వేసే ఆ మందు కొద్ది రోజుల్లో అయిపోతుంది. నా కోపమంతా తర్వాత, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ నూనె ఇంజెక్షన్ మీద. తుంటి కండలో, లావు సూదితో, నెల దాటినా రోజూ.

మొదటిసారి తాజా పిండాన్ని ప్రవేశపెట్టినప్పుడు బెంగళూరు డాక్టరుగారు అదే హార్మోన్‌ను యోనిలో పెట్టుకునే జెల్‌గా రాసిచ్చారు. నొప్పి లేదు, ఇంకొకరి సాయం అక్కర్లేదు. మందు ముద్దలుగా పేరుకుని వస్తుందన్న చిరాకు తప్ప వంక పెట్టడానికేమీ లేదని అప్పట్లో అందరికీ చెప్పేదాన్ని.

ఆ మాట తాజా పిండం వరకే. ఫ్రీజ్ చేసిన పిండం కోసం హార్మోన్ మాత్రలతో గర్భసంచిని సిద్ధం చేస్తే ఆ నెల అండం విడుదల కాదు. అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడి ప్రొజెస్టెరాన్ తయారుచేసే కార్పస్ లూటియం ఉండదు కనుక ఒంట్లో సొంత ప్రొజెస్టెరాన్ దాదాపు ఉండదు, మాయ ఆ పని అందుకునేదాకా మొత్తం బయటి నుంచే రావాలి. 2021లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇలాంటివాళ్లలో రోజూ సూది వేసుకున్నవారికి 44 శాతం, యోని మాత్రలు మాత్రమే వాడినవారికి 27 శాతం కాన్పులయ్యాయి. అందులో వాడింది జెల్ కాదు, మాత్రలు. అయినా ఆ అంకెలు విన్నాక సూది వద్దనే ధైర్యం నాకు రాలేదు.

రోజూ ఇంటికొచ్చి వేసే సిస్టర్ ఉగాదికి సొంతూరు వెళ్లింది. అనంతపురంలో ఆ రోజు తెరిచి ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోముకు వెళ్లాం. డ్యూటీలో ఉన్న కుర్రాడు సన్నని సూదితోనే మందు లాగబోయాడు. చిక్కటి నూనె, ఎంతకీ రాదు. "ఒక్క నిమిషం అక్కా, అయిపోతుంది" అంటూ ఎలాగో లాగి, అదే సూదితో గట్టిగా నొక్కేశాడు. మందు కండదాకా పోలేదు, సగం సూది రంధ్రంలోంచే కారింది. రాత్రికి నిమ్మకాయంత గడ్డ. ఇంట్లో అందరూ ఓళిగలు తింటుంటే నేను గోడకు ఆనుకుని నిలబడి తిన్నాను.

సిస్టర్ తిరిగొచ్చి గడ్డ చూసి ఏమీ అనలేదు. ఆంపూల్‌ను గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరిచింది. లావు సూదితో మందు లాగి, సూది మార్చింది. "బరువంతా ఎడమ కాలి మీద వేయమ్మా, కుడి పాదం వేళ్లు లోపలికి తిప్పు" అంది. అలా తిప్పితే తుంటి కండ బిగుసుకోదట. తర్వాత నెమ్మదిగా, మరీ నెమ్మదిగా ఎక్కించింది. నొప్పి సగానికి సగం తగ్గింది! అదే మందు, అదే తుంటి. పాత గడ్డ మాత్రం వేడి కాపడాలకు కూడా చాలా రోజులు లొంగలేదు.

నూనె సంగతీ చూసుకోవాలి. కొన్నిటిలో నువ్వుల నూనె, కొన్నిటిలో ఇథైల్ ఓలియేట్ ఉంటాయి. కొన్ని కంపెనీల క్యాప్సూళ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, అది పడనివాళ్లు వాడకూడదు. మా జిల్లాలో వేరుశనగ పడని మనిషిని నేనింతవరకు చూడలేదనుకోండి.

మా పాప పుట్టింది సూది వాడినప్పుడే. సూది వల్లే పుట్టిందని మాత్రం చెప్పలేను, ఆ పిండమే మంచిదై ఉండవచ్చు. మళ్లీ వెళ్లాల్సి వస్తే రోజూ యోని మాత్రలు, మూడు రోజులకొకసారి సూది కుదురుతుందేమో డాక్టరుగారిని అడుగుతాను. ఆ అధ్యయనంలో అలా వాడినవారికి 46 శాతం కాన్పులయ్యాయి. సిస్టర్ మా పక్క వీధిలోనే ఉంటే రోజూ సూదికైనా ఒప్పుకుంటానేమో. ఆమెకు బదిలీ అయితే నా మాట మారుతుంది.