పాత ఎనామిల్ మీద లక్క ప్రైమర్: పద్నాలుగు నెలల తర్వాత

తాతయ్య వాడిన నాలుగు సొరుగుల చెక్క బల్ల ఇప్పుడు మా దగ్గరుంది. పైన ముదురాకుపచ్చ ఎనామిల్, దాని కింద గోధుమ రంగు, ఇంకా కింద ఏముందో తెలియదు. దానికి మొదటిసారి నేను రంగు వేసినప్పుడు, "రుద్దాల్సిన పని లేదు, నేరుగా వేసుకోవచ్చు" అని డబ్బా మీద ఉన్న మాట నమ్మాను. నెల తిరక్కుండానే, టేబుల్ ల్యాంప్ జరిపిన చోట రంగు రేకులా లేచింది. గోటితో లాగితే అరచేయంత పొర ఊడొచ్చింది. కింద ఆకుపచ్చ మాత్రం చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. అంటే కొత్త రంగు దాన్ని అసలు పట్టుకోనేలేదు. రెండు ఆదివారాల కష్టం అలా చేతిలోకి వచ్చేస్తే నిజంగా ఏడుపొచ్చింది.

ఆ రంగంతా గీకేసి, రెండోసారి లక్క ప్రైమర్ (అసలు రంగుకి పట్టు దొరికేందుకు ముందుగా వేసే పూత) వాడాను. లక్కను స్పిరిట్‌లో కరిగించి, తెల్ల పిగ్మెంట్ కలిపి చేసే ప్రైమర్ ఇది. పద్నాలుగు నెలలుగా ఆ బల్ల రోజూ వాడకంలోనే ఉంది. కాబట్టి ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను: నున్నటి పాత ఎనామిల్‌ను ఇంత గట్టిగా పట్టుకున్న ప్రైమర్ నేను ఇంకోటి చూడలేదు.

అయితే ప్రైమర్ ఒక్కటే అన్నీ చేసిపెట్టదు. ముందు బల్లంతా వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తుడిచాను. సొరుగుల పిడుల చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న చేతి జిడ్డు అప్పుడు గాని వదల్లేదు. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతల్లోకి ఇంకా దిగుతుంది. ఆ తర్వాత 220 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేవరకే రుద్దాను, చెక్క తేలేదాకా కాదు. పాత రంగుల్లో సీసం అనే విషపు లోహం ఉండే అవకాశం ఉంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యమైంది. అందుకే పొడిగా రుద్దకుండా, తడుపుతూ రుద్దాను. వచ్చిన బురదను ఆరకముందే తుడిచేశాను. పని అయ్యేవరకు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. ఈ విషయంలో దయచేసి ఎవరూ అశ్రద్ధ చేయకండి.

ఇక ప్రైమర్ సంగతి. నీళ్లలా పలచగా ఉంటుంది, బ్రష్ నుంచి తొందరగా కారుతుంది. అంతే వేగంగా ఆరుతుంది కూడా. వేసిన చోట మళ్లీ బ్రష్ తిప్పితే గీతలు పడిపోతాయి. ఒక్కో సొరుగు ముఖం విడిగా తీసుకుని, ఒక్క దిశలో లాగి వదిలేయడం నాకు మూడో సొరుగు దగ్గర గాని అలవాటు కాలేదు. గంటలోపే రెండో కోటింగ్ వేసుకోగలిగాను. స్పిరిట్ వాసన మాత్రం చాలా ఘాటు. కిటికీలన్నీ తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. బ్రష్ నీళ్లతో కడిగితే లాభం లేదు, స్పిరిటే కావాలి.

చెక్క తేలిన ఒక ముడి దగ్గర, పోయినసారి గోధుమ రంగు మరక పైకి ఉబికింది. ఈసారి రాలేదు. లక్క ఆ మరకను లోపలే ఆపేసింది.

మర్నాడు బల్ల వెనక వైపు ఒక పరీక్ష చేశాను. బ్లేడుతో నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు గీసి, దాని మీద టేప్ గట్టిగా అదిమి, ఒక్కసారిగా లాగాను. ఒక్క గడి కూడా ఊడలేదు. రంగు పట్టును పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2409లో ఉన్న పరీక్ష కూడా దాదాపు ఇలాంటిదే. మొదటిసారే ఇది చేసుంటే అంత శ్రమ తప్పేది.

ప్రైమర్ మీద వాటర్ బేస్డ్ ఎనామిల్ మూడు పలచటి కోటింగ్‌లు వేశాను, మధ్యలో ఇంకా నున్నటి 320 నంబర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దుతూ. ఆయిల్ ఎనామిల్ ఎందుకు వద్దనుకున్నానంటే, తెలుపు వేస్తే వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది. వాటర్ బేస్డ్ రంగు గంటలో చేతికి అంటడం మానేస్తుంది, కానీ లోపలి దాకా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇరవై ఐదు రోజులు బల్ల మీద ఏమీ పెట్టనివ్వలేదు. అతుక్కుపోకుండా సొరుగులు కొంచెం బయటికి లాగి ఉంచాను. సొరుగుల పక్కలకు, అవి జారే పట్టీలకు మాత్రం రంగు వేయలేదు. వేస్తే మందం పెరిగి బిగుసుకుంటాయి. అక్కడ కొవ్వొత్తి మైనం రుద్దాను, ఇప్పటికీ చక్కగా జారుతున్నాయి.

ఇన్ని నెలల్లో పై సొరుగు మూల ఒకచోట అరిగింది, అంతే. ల్యాంప్, పుస్తకాలు, తడి గ్లాసులు ఏవీ రంగును లేపలేకపోయాయి. నాకు కనిపించిన అసలు లోపం ఒక్కటే. హ్యాండ్ శానిటైజర్ ఒలికి రాత్రంతా అలాగే ఉండిపోయిన చోట, రూపాయి బిళ్లంత మేర రంగు మెత్తబడి లేచింది. శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంటుంది, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. అక్కడ రుద్ది, ప్రైమర్, రంగు రెండూ మళ్లీ వేస్తే అతుకు కనపడకుండా కలిసిపోయింది. శానిటైజర్ సీసా ఇప్పుడు కిటికీ గట్టు మీద ఉంటోంది.