బొగ్గుల స్మోకర్‌తో ఏడు చలికాలాలు

మేముండేది చికాగో పడమటి శివార్లలో. 2018 వేసవిలో 18 అంగుళాల బొగ్గుల స్మోకర్, అంటే సన్నటి వేడి మీద పొగలో మాంసం వండే పొయ్యి, కొన్నాను. తుపాకీ గుండులా నిలువుగా ఉండే రకం. అడుగున బొగ్గుల జల్లెడ, మధ్యలో నీళ్ల పళ్లెం, దానిపైన రెండు గ్రిల్లులు, అన్నిటి మీదా డిప్ప లాంటి మూత. వేసవిలో దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పొద్దున్నే వెలిగించి మన పని మనం చూసుకోవచ్చు. చలికాలంలోనే దీని అసలు గుణం బయటపడుతుంది.

చలికి ఇది బెదరదు. మైనస్ 10 సెల్సియస్‌లో, ఆకు కదలని రోజున, 250 ఫారెన్‌హీట్ దగ్గర ఏడెనిమిది గంటలు నిలబడింది. కాకపోతే బొగ్గు బాగా తింటుంది. వేసవిలో నాలుగు కిలోల బ్రికెట్లతో (అచ్చు పోసిన బొగ్గు ముక్కలు) అయ్యే వంటకి జనవరిలో ఆరేడు కిలోలు పడుతుంది. చిక్కంతా గాలితోనే.

మొదటి ఏడాది నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటాక ఒక శనివారం రెండున్నర కిలోల మేక తొడ పెట్టాను. ముందు రాత్రే పెరుగు, అల్లం వెల్లుల్లి, గుంటూరు కారం, ధనియాల పొడి పట్టించి ఉంచాను. మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. 240లో ఉన్న వేడి మీటరు పది నిమిషాల్లో 310కి ఎక్కింది. కంగారుపడి, బొగ్గుకి గాలి అందించే కింది రంధ్రాలు మూడూ మూసేశాను. అరగంటకి 190. మళ్లీ తెరిచాను, మళ్లీ ఎగిరింది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయింది. ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని రంధ్రాలు తిప్పుతూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిదింటికి తొడ పైన మాడి, ఎముక దగ్గర రబ్బరులా వచ్చింది.

కుంపటి ముందు విసనకర్ర పట్టుకున్న వాళ్లెవరికైనా ఇందులో మొదటి సగం తెలిసిందే. ఎదురుగాలి రంధ్రంలో దూరితే బొగ్గు రాజుకుంటుంది. రెండో సగం నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ స్మోకర్ ఒళ్లు పలచటి రేకు, గాలి దాని పక్కల నుంచి వేడిని లాక్కుపోతుంది. అంటే ఒకే గాలి లోపల మంటని ఎగదోస్తూ, బయట రేకుని చల్లారుస్తోంది. రంధ్రాలు మూస్తే మొదటిది ఆగుతుంది, రెండోది ఆగదు. నా 190 అలా వచ్చిందే.

ఇప్పుడు గాలి వచ్చే వైపు ప్లైవుడ్ పలకలు రెండు, బందు వేసి, ఎల్ ఆకారంలో నిలబెడతాను. స్మోకర్‌కీ వాటికీ మధ్య రెండడుగుల ఎడం. గాలి వైపు రంధ్రం పూర్తిగా మూసి, చాటున ఉన్న రెండిటితోనే నడుపుతాను. పొగ బయటికి పోయే పై రంధ్రం మాత్రం ఎప్పుడూ మూయను. మూస్తే పొగ లోపలే మగ్గి మాంసం చేదెక్కుతుంది. గరాజ్‌లోకి లాక్కోమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చెయ్యొద్దు. తలుపు తెరిచి ఉన్నా సరే, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు.

నీళ్ల పళ్లెం సంగతి అమ్మ తేల్చింది. ఆ ఏడాది డిసెంబరులో గుంటూరు నుంచి వచ్చి, అద్దాల తలుపు వెనక నుంచి చూస్తూ, "నిప్పు మీద నాలుగు లీటర్ల నీళ్లు పెట్టి వేడి నిలవట్లేదంటావేంరా?" అంది. నిజమే. బొగ్గు వేడిలో పెద్ద భాగం నీళ్లని ఆవిరి చెయ్యడానికే పోతోంది. వేసవిలో ఆ నీళ్లే వేడి మితిమీరకుండా ఆపుతాయి, చలికాలంలో అవే బరువు. అప్పటి నుంచి నవంబరు వస్తే పళ్లెంలో నీళ్లకి బదులు పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం పెట్టి, పైన ఫాయిల్ చుడతాను. కొవ్వు దాని మీద పడుతుంది, బొగ్గు కూడా కలిసొస్తుంది.

లోపాలు లేకపోలేదు. బొగ్గు వేసే తలుపు రేకు సరిగ్గా అతకదు, పొగ కారుతుంది. చేత్తో వంచి, చుట్టూ వేడికి తట్టుకునే పట్టీ అతికించాక నయం. మూత మీది మీటరు గ్రిల్లు దగ్గరి వేడి కన్నా పాతిక డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, గ్రిల్లు దగ్గర వేడి కొలిచే ప్రోబు విడిగా కొనక తప్పదు. ఇంకోటి, వంటయ్యాక మూత అంచున చేరిన తడి రాత్రికి గడ్డకట్టి, మర్నాడు మూత ఊడి రాదు. వేడిగా ఉండగానే తుడవాలి. వంట మధ్యలో మూత తీస్తే మళ్లీ ఆ వేడి రావడానికి ఇరవై నిమిషాలు, కాబట్టి మాటిమాటికీ తొంగి చూడ్డం మానేశాను.

బూడిద విషయంలో తప్పు నాదే. మంచులో రాత్రంతా ఉంది, చల్లారకుండా ఉంటుందా అనుకుని పొద్దున్నే ప్లాస్టిక్ చెత్త డబ్బాలో పోశాను. గంట తర్వాత చూస్తే డబ్బా అడుగు కరిగి మంచులోకి జారిపోయింది. నివురుగప్పిన నిప్పు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నా, చూడ్డం అదే. ఇప్పుడు మూతున్న ఇనప బకెట్టులో రెండ్రోజులు ఉంచుతాను.

ఖర్చు పెట్టగలిగితే మందపాటి సిరామిక్ కుంపట్లున్నాయి, గాలిని అవి అసలు లెక్కచెయ్యవు. కాకపోతే వాటిని కదపాలంటే ఇద్దరు కావాలి. నాకైతే ఇదే చాలు. మేక తొడ ఇప్పుడు మూడు గంటలు ఆపిల్ కట్టె పొగలో ఉంచి, తర్వాత ఫాయిల్‌లో చుట్టి లోపల 200 ఫారెన్‌హీట్ వచ్చేదాకా వదిలేస్తాను. ఎముక చేత్తో లాగితే వచ్చేస్తుంది. చలి మైనస్ 15 సెల్సియస్ దాటినా, పలకలు పడిపోయేంత గాలి ఉన్నా ఓవెన్‌లో పెట్టేస్తాను. 2019 జనవరి 30న చికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైనప్పుడు ఆ స్మోకర్ వైపు చూడను కూడా లేదు.