మడిచి పంపాలా, తెరిచి పంపాలా?

పోస్టులో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బొమ్మ గీయడానికి నాకు నచ్చిన దారులు రెండు.

ఒకటి మడత ఆట. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు (కలల్లాంటి వింతలను గీసే, రాసే కళాకారులు) ఒకేచోట కూర్చుని ఆడింది. తల గీసినవారు కాగితం మడిచి, మెడ గీతలు రెండు మాత్రం అంచు దాటించి ఇస్తారు. తర్వాతివారు మొండెం, ఆపైవారు కాళ్లు. పోస్టులో చిక్కేమిటంటే మడత విప్పి చూడకూడదు, కాపలా ఎవరూ ఉండరు మరి! పెన్సిలైతే మడతలో రాసుకుని అలుక్కుపోతుంది, సిరా పెన్నే మేలు.

రెండోది న్యూయార్క్ కళాకారుడు రే జాన్సన్ దారి. కుందేలు తలల్లాంటి బొమ్మలు గీసి, ఏదైనా జోడించి తిరిగి పంపమని రాసి పోస్టు చేసేవాడు. ఒక్కోసారి మూడో మనిషికి పంపమనేవాడు. అలా జనం అతనికి పంపినవాటితో 1970లో న్యూయార్క్‌లోని విట్నీ కళా మ్యూజియంలో ప్రదర్శనే జరిగింది. ఇక్కడ దాపరికం లేదు, ముందున్న గీతను చూసి జవాబు గీస్తాం. కాకపోతే ఒకరు మరీ దట్టంగా గీస్తే మిగతావాళ్ల గీతలు మునిగిపోతాయి.

ముగ్గురుంటే మడతే సరదా. ఇద్దరే అయితే నేను జాన్సన్ వైపే. వారం తర్వాత కవరు చించుతూ, నా కుందేలుకు మీసాలు మొలిచాయో చెప్పులు మొలిచాయో చూసుకోవాలి కదా.