సోల్‌షేర్, గోట్జె: ఆలస్యంగా దిగి గెలిపించిన ఇద్దరు

1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బయర్న్ మ్యూనిక్‌పై మాంచెస్టర్ యునైటెడ్‌ను గెలిపించిన ఓలే గున్నార్ సోల్‌షేర్ 81వ నిమిషంలో మైదానంలోకి వచ్చాడు. 2014 ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్జెంటీనాపై ఏకైక గోల్ చేసిన జర్మనీ ఆటగాడు మారియో గోట్జె 88వ నిమిషంలో క్లోజె స్థానంలో దిగాడు.

గోట్జెకు అదనపు సమయం కలిసివచ్చింది. అలసిన డిఫెండర్లను పరీక్షించడానికి అరగంటకు పైగా దొరకగా, 113వ నిమిషంలో గోల్ పడింది. సోల్‌షేర్‌కు ఆ వెసులుబాటు లేదు. జట్టు ఒక గోల్ వెనుకబడి ఉండగా వచ్చిన అతడు, షెరింగ్‌హామ్ (అతనూ సబ్‌స్టిట్యూటే) స్కోరు సమం చేసిన కొద్దిసేపటికే కార్నర్ నుంచి వచ్చిన బంతిని గోల్‌లోకి నెట్టాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌పై కూడా ఆలస్యంగా దిగి నాలుగు గోల్స్ చేశాడు కనుక, బెంచీ మీద ఒక్కరికే చోటుంటే నేను అతన్నే ఎంచుకుంటాను.